నాటకాల నుంచి సినిమాల్లోకి: వరంగల్ దిక్కు పిల్లలు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు

రిహార్సల్ అయిపోయి హాలుకు తాళం వేసే టైముకు మెట్ల దగ్గర ఎవరో ఒకరు నిలబడి ఉంటారు. "సార్, ఒక్క మాట" అంటారు. ఆ ఒక్క మాట గంట నడుస్తుంది. హన్మకొండలో ముప్పై ఏళ్లుగా నాటకాలు ఆడుతూ, ఆడిస్తూ, పదీ పన్నెండు సినిమాల్లో ఊరి పెద్దమనిషిగానో పెళ్లికొడుకు మేనమామగానో కనపడ్డందుకు నాకు మిగిలిన ఆస్తి ఈ మెట్ల మీది మాటలే. అవే అనుమానాలు మళ్లీ మళ్లీ వస్తున్నాయని ఒక్కచోట రాసిపెట్టాను. అడిగినవాళ్ల మాటను అడిగినట్టే ఉంచాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా పోయి చదువుకోవచ్చు.

## మొదలుపెట్టకముందు

నాకు నటన వస్తదా రాదా అని ఎట్ల తెలుస్తది?

అద్దం ముందు చేసుకుంటే తెలియదు. అద్దంలో మనల్ని మనం చూసుకుంటూ మురిసిపోతాం, అంతే. పేజీన్నర మాటలు తీసుకుని మూడు రోజుల్లో నోటికి పట్టండి. ఇంట్లోవాళ్లు కాని పదిమంది ముందు చెప్పండి. వాళ్లు చప్పట్లు కొట్టారా లేదా అన్నది పక్కన పెట్టి, మధ్యలో ఎవరు ఫోను తీశారో చూడండి.

కొత్తవాళ్లొస్తే నేను చూసేది ఇంకొకటుంది. ఎదుటివాడు డైలాగు చెప్తున్నప్పుడు వీడేం చేస్తున్నాడు? తన వంతు కోసం కాచుకుని నిలబడ్డాడా, నిజంగా వింటున్నాడా? వినేవాడికి మిగతాది నేర్పొచ్చు. గొంతు బాగుండి చెవి లేనివాడితో మాత్రం నేను చాలాసార్లు ఓడిపోయాను.

నల్లగ ఉంట, పొట్టిగ ఉంట. నాకు వేషాలొస్తయా?

వస్తాయి. కథలో హీరో ఒక్కడే. వాడి చుట్టూ నలభై మంది ఉండాలి, ఆ నలభై మందీ ఊళ్లో మనుషుల్లాగే ఉండాలి.

ఎక్కడ నేర్చుకోవాలె? ఇన్‌స్టిట్యూట్‌కు పోవుడు అవసరమా?

అవసరం అనను, పోతే మంచిదే అంటాను. పోయేది మాత్రం సరైన చోటికి పోవాలి. ఢిల్లీలోని నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా 1959లో మొదలైంది. మూడేళ్ల కోర్సు, పిల్లలకు స్టైపెండ్ కూడా ఇస్తారు. డిగ్రీతో పాటు కొన్ని నాటకాల్లో పనిచేసిన అనుభవం అడుగుతారు కాబట్టి ఇంటర్ కాగానే పరుగెత్తి లాభం లేదు. ఆ డిగ్రీ మూడేళ్లూ ఇక్కడే నాటకాలు వేస్తూ గడపండి. పుణెలోని ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో నటనకు విడిగా కోర్సు ఉంది. మనకు దగ్గరగా అయితే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో, తెలుగు విశ్వవిద్యాలయంలో రంగస్థల శాఖలున్నాయి. ఇవన్నీ ప్రభుత్వ సంస్థలు, చదువు అప్పుల పాలు చేయదు.

లక్షలు కట్టించుకుని మూడు నెలల్లో నటుణ్ణి చేస్తామనే చోట చేరేముందు ఒక్క పని చేయండి. నిరుడు అక్కడ చదివినవాళ్లు ఇద్దరిని పట్టుకుని ఇప్పుడేం చేస్తున్నారో అడగండి. గోడమీది ఫొటోలను నమ్మొద్దు. ఆ ఫొటోల్లో ఉన్న హీరో అక్కడికి ఒకసారి రిబ్బన్ కత్తిరించడానికి వచ్చి ఉంటాడు.

మా దిక్కు నాటకాలే లేవు గదా సార్, ఎవర్ని చూసి నేర్చుకోవాలె?

ఈ ప్రశ్న విన్నప్పుడల్లా నాకు కొంచెం కోపమొస్తుంది, దాచుకోను. కోస్తాలో ఉన్నట్టు పరిషత్తు పోటీలు మనకు ఊరూరా లేకపోవచ్చు. మన దగ్గర ఆట ఉంది. దాన్ని నాటకం అనుకోవడం మనమే మానేశాం.

కొమురవెల్లి మల్లన్న కథో బీరప్ప కథో చెప్పే ఒగ్గుకథ దగ్గర ఒక్క రాత్రి కూర్చోండి. ప్రధాన కథకుడు భుజం మీది కండువాను నెత్తి మీదికి లాగితే తల్లి, నడుముకు బిగిస్తే కొడుకు. పక్కకు తిరిగి రెండడుగులేస్తే ఊరు మారిపోతుంది. సెట్టింగు లేదు, లైటింగు లేదు, డోలు దెబ్బే సీను మార్పు. ఒకే మనిషి నిమిషంలో మూడు పాత్రలు మారుతుంటే ఎవరు ఎవరో చిన్నపిల్లలకు కూడా తెలుస్తుంది. జనగామ ప్రాంతపు చుక్క సత్తయ్య ఈ విద్యను ఢిల్లీ దాకా తీసుకుపోయి సంగీత నాటక అకాడమీ అవార్డు తెచ్చుకున్నాడు. ఆయన ఏ యాక్టింగ్ స్కూలుకూ పోలేదు.

చిందు భాగవతం అనే మన వీధి ఆట ఇంకో బడి. నిజామాబాద్ జిల్లాకు చెందిన చిందు ఎల్లమ్మ ఆడవేషాలతో పాటు మగవేషాలూ కట్టి మెప్పించింది. జనగామ జిల్లా చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ వచ్చింది. తెల్లవార్లూ ఆడి, మధ్యలో నిద్రకు తూగే జనాన్ని ఒక్క కేకతో లేపే ఒడుపు వాళ్లకుంది. చూసి రండి. ఊరికే వీడియో తీసుకుని రావొద్దు. కాళ్లెక్కడ పెడుతున్నారు, ఊపిరి ఎక్కడ పీలుస్తున్నారు, జనం మాట్లాడుకుంటుంటే ఏం చేస్తున్నారు అన్నది నోటుబుక్కులో రాసుకోండి. వాటి గురించి చదువుకోవాలనుకుంటే తెలుగు విశ్వవిద్యాలయం వారి జానపద గిరిజన విజ్ఞాన పీఠం మన వరంగల్‌లోనే ఉంది.

ఇంట్ల ఒప్పుకుంటలేరు. ఏం జెయ్యాలె?

ఇంట్లోంచి పారిపోయి రావొద్దు, ముందే చెప్తున్నా. "సినిమాల్లోకి పోత" అంటే అమ్మానాన్నలకు కనపడేది రైల్వే స్టేషన్లో పడుకున్న కొడుకే. "సాయంత్రం ఆరు నుంచి ఎనిమిదిన్నర దాకా రిహార్సల్, తొమ్మిదికి ఇంట్ల ఉంట" అని చెప్పి చూడండి. ఆ మాట మీద ఆర్నెల్లు నిలబడండి. మొదటి ప్రదర్శనకు వాళ్లను ముందు వరుసలో కూర్చోబెట్టండి. మా నాయిన నా మొదటి నాటకానికి రాలేదు. రెండోదానికి వచ్చి, ఆట అయిపోయాక "గడ్డం సరిగ్గ అంటియ్యలే" అన్నాడు. అదే ఆశీర్వాదం అనుకున్నాను.

## స్టేజీ మీద

స్టేజీ ఎక్కంగనే కాళ్లు వణుకుతయి, గొంతు ఆరిపోతది

నాకు ఇప్పటికీ ఆరుతుంది. మొదటి డైలాగు కంటే ముందు చేతికి ఒక పని పెట్టుకోండి. తువ్వాల మడవడం, చెంబు దించడం, కుర్చీ జరపడం, ఏదైనా సరే. చేయి పనిలో పడితే వణుకు సగం పోతుంది. తెర లేవకముందు స్టేజీ పక్క తెర (వింగ్) చాటున నిలబడి ఊపిరి మెల్లగా వదలండి. పీల్చడం మీద దృష్టి పెడితే గుండె ఇంకా కొట్టుకుంటుంది, వదలడం మీద పెట్టండి. ఒక గుక్క గోరువెచ్చని నీళ్లు తాగండి. చల్లటి కూల్‌డ్రింకు వద్దు.

డైలాగులు ఎట్ల బట్టీ పట్టాలె?

చేత్తో రాయండి. మీ డైలాగుతో పాటు మీకంటే ముందు వచ్చే ఎదుటివాడి ఆఖరి మాట కూడా రాసుకోండి, ఎందుకంటే స్టేజీ మీద మీకు తాడు అందించేది అదే. పని చేస్తూ చెప్పుకోండి: గిన్నెలు తోముతూ, బండి తుడుస్తూ. కూర్చున్నచోట మాత్రమే వచ్చే డైలాగు నిలబడగానే మర్చిపోతాం. తెర చాటు నుంచి మాట అందించే ప్రాంప్టర్ ఉన్నాడు కదా అని ధీమా పడొద్దు. ప్రాంప్టర్ గొంతు మీకంటే ముందు మూడో వరుసకు వినపడుతుంది.

ఇప్పుడు మైకులున్నయి గదా, గొంతు మీద అంత కష్టపడాల్నా?

మైకు గొంతును పెద్దది చేస్తుంది, స్పష్టం చేయదు. ముద్దగా మాట్లాడేవాడి ముద్దను ఇంకా పెద్ద ముద్ద చేస్తుంది. మన వరంగల్ మట్టెవాడలో పుట్టిన మిమిక్రీ కళాకారుడు నేరెళ్ల వేణుమాధవ్ ఒక్క గొంతుతో, ఒక్క మైకు ముందు నిలబడి ప్రపంచం తిరిగి వచ్చారు. 1982లో ఐక్యరాజ్యసమితిలో ప్రదర్శన ఇచ్చారు. 2001లో పద్మశ్రీ అందుకున్నారు. మైకుకు ఎంత దూరంలో ఉండాలి, ఎక్కడ మొహం పక్కకు తిప్పాలి అన్నది ఆయన దగ్గర ఒక శాస్త్రం. హన్మకొండ పబ్లిక్ గార్డెన్‌లో ఆయన పేరుమీదున్న కళాప్రాంగణంలో ఆడుతూ మాటలు మింగేస్తే నాకు సిగ్గనిపిస్తుంది.

రోజూ పావుగంట గట్టిగా పేపరు చదవండి. వాక్యం చివరి అక్షరం దాకా ఊపిరి ఉండాలి. మన తెలుగులో క్రియ చివరన వస్తుంది. చివర మింగితే "చేసిండా, చెయ్యలేదా" అన్నదే జనానికి తెలియదు. గొంతు బొంగురుపోయినప్పుడు గుసగుసగా మాట్లాడితే మంచిదనుకుంటారు. దానివల్ల గొంతు ఇంకా అలసిపోతుంది. మాట్లాడకుండా ఉండటమే మందు.

పద్యాలు రావు. పద్యనాటకం నేర్చుకోవాల్నా?

ఆడకపోయినా ఒక్క పది పద్యాలు నేర్చుకోండి. రాగం సంగతి అట్లుంచండి, పొడవైన సమాసాన్ని ఎక్కడ విరిచి అర్థం చెడకుండా చెప్పాలో పద్యం నేర్పినట్టు ఇంకేదీ నేర్పదు. ఇక జనం "వన్స్ మోర్" అంటే చచ్చిపడున్న పాత్ర లేచి మళ్లీ పాడే ముచ్చట ఉందే, దాన్ని మాత్రం సెట్‌కు తీసుకుపోవద్దు.

నాటకంల పైసలొస్తయా?

రావు. పోతాయి కూడా. హాలు కిరాయి, మేకప్, లైట్లు, వచ్చినవాళ్లకు చాయ్. నేను ముప్పై ఏళ్లు ఆడింది ఉద్యోగం జీతంతోనే.

యూట్యూబ్‌ల ఒక నాటకం చూసిన. మా కాలేజీల ఏస్కోవచ్చా?

రాసినాయన బతికి ఉంటే అడగాలి. చనిపోయి అరవై ఏళ్లు దాటకపోతే వాళ్ల ఇంట్లోవాళ్లను అడగాలి. చట్టం అంతే, రచయిత మరణం తర్వాత 60 ఏళ్ల దాకా హక్కు ఉంటుంది. చాలామంది నాటక రచయితలు ఫోన్ చేసి అడిగితే సంతోషంగా "వేసుకోండి బాబూ, పేరు మాత్రం వేయండి" అంటారు. అడగకుండా వేసి, పేరు కూడా వేయకపోవడం దొంగతనం. పాత్ర పేర్లు మార్చి "మన రచన" అని వేసుకున్న బృందాన్ని ఒకసారి చూశాను. రచయిత ప్రేక్షకుల్లోనే కూర్చుని ఉన్నాడు.

## ఆడిషన్లు, హైదరాబాద్

హైదరాబాద్‌ల రూము తీస్కుని ఉంటేనే ఛాన్సులొస్తయా?

ఒకప్పుడు అట్లాగే ఉండేది. కృష్ణానగర్‌లో ఒక గదిలో ఆరుగురు, పొద్దున్నే ఆఫీసుల చుట్టూ తిరగడం. ఇప్పుడు మొదటి వడపోత మొత్తం ఫోన్ వీడియోల మీదే జరుగుతోంది. కాజీపేటలో రైలెక్కితే సికింద్రాబాద్‌కు రెండు గంటల చిల్లర, పిలిచిన రోజు పోయి రావొచ్చు. వరసగా పని దొరకడం మొదలయ్యాక గది గురించి ఆలోచించండి. పని లేకుండా గది తీసుకుంటే నెల తిరిగేసరికి కిరాయి కోసం ఏ వేషమైనా, ఏ మనిషినైనా భరించాల్సి వస్తుంది.

ఆడిషన్ వీడియో అంటే ఏం పంపాలె?

మొదట మీ పేరు, వయసు, ఎత్తు, ఊరు, వచ్చిన భాషలు చెప్పండి. మొహం ఎదురుగా, ఎడమ పక్క, కుడి పక్క చూపించండి. తర్వాత వాళ్లిచ్చిన డైలాగు. కిటికీ మీకు ఎదురుగా ఉండాలి, వెనక ఉంటే మొహం నల్లబడుతుంది. గోడ ఒకే రంగులో ఉంటే మంచిది. ఫిల్టర్లు, వెనక పాట, స్లోమోషన్ వద్దు. ఎదుటి పాత్ర మాటలను ఎవరితోనైనా ఫోన్ వెనక నిలబెట్టి చెప్పించుకోండి. మీ చూపు వాళ్ల మీద ఉండాలి. నేరుగా కెమెరాలోకి చూడమని వాళ్లు చెప్తే తప్ప చూడొద్దు. పాత హీరోల డైలాగులు వాళ్ల గొంతులోనే చెప్పి పంపితే అది మిమిక్రీ. మీరెవరో చూద్దామనుకున్నవాడికి మీరే కనపడరు.

ఇరవై వేలు కడితే హీరో ఫ్రెండ్ వేషం ఇస్తమంటున్నరు. కట్టాల్నా?

వద్దు. రెండు వేలైనా వద్దు, రెండొందలైనా వద్దు. నటుడికి పని ఇచ్చేవాడు డబ్బులు ఇస్తాడు, తీసుకోడు. నేను పుట్టి బుద్ధెరిగాక దీనికి మినహాయింపు చూడలేదు.

వీళ్ల పద్ధతి ఒకేలా ఉంటుంది. పెద్ద బ్యానరు పేరు వాడతారు, దాని లోగోతో వాట్సాప్ డీపీ పెట్టుకుంటారు. మీ వీడియో చూసి అరగంటలో "సెలెక్ట్" అంటారు. ఆ తర్వాత ఆర్టిస్ట్ కార్డు, రిజిస్ట్రేషన్, కాస్ట్యూమ్ డిపాజిట్, మేకప్ టెస్ట్ అని ఒక్కో పేరుతో ఒక్కో వాయిదా. "ఈ రోజు సాయంత్రంలోపు కట్టకపోతే వేరేవాళ్లకు ఇచ్చేస్తం" అని తొందర పెడతారు. అసలు సెట్‌లో ఎవరికీ అంత తొందర ఉండదు. అక్కడ చాయ్ రావడానికే అరగంట పడుతుంది.

నాకు తెలిసిన భీమారం పిల్లగాడు ఒకడు బండి అమ్మి నలభై వేలు కట్టాడు. "రేపు షూటింగ్" అని పిలిచిన అడ్రసులో టైర్ల షాపు ఉంది. ఎవరిమీదైనా అనుమానం వస్తే ఆ నిర్మాణ సంస్థ ఆఫీసుకు నేరుగా పోయి అడగండి. డబ్బులు పోతే సిగ్గుపడి ఊరుకోవద్దు, సైబర్ నేరాల నంబరు 1930కి వెంటనే ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బు బ్యాంకులో ఆగే అవకాశం అంత ఎక్కువ.

మా యాస మార్చుకోవాల్నా?

మార్చుకోవద్దు, ఇంకొకటి చేర్చుకోండి.

మా తరానికి తెలంగాణ యాస వచ్చిన వేషం అంటే రౌడీ, లేకుంటే నవ్వించే పనోడు. ఆడిషన్‌లో నోరు తెరవగానే "ఆ స్లాంగ్ వద్దు" అనేవాళ్లు. ఇప్పుడు కథలే మన ఊళ్లలోకి వచ్చాయి, హీరో కూడా మన మాటే మాట్లాడుతున్నాడు. దాంతో కొత్త తంటా వచ్చింది. ప్రతి మాటకూ "గిట్ల, గట్ల" తగిలించి అదే తెలంగాణ అనుకునేవాళ్లు మన పిల్లల్లోనే తయారయ్యారు.

యాస అంటే ఒక్కటి కాదు. వరంగల్‌లో "వచ్చిండు" అన్నదాన్ని కరీంనగర్, జగిత్యాల దిక్కు పోతే "అచ్చిండు" అంటారు. ఆదిలాబాద్ పోతే మరాఠీ వాసన తగులుతుంది. ఒక్క వరంగల్‌లోనే కోట దగ్గరి ముసలమ్మ మాట వేరు, సుబేదారిలో పెరిగిన లెక్చరర్ మాట వేరు. పాత్ర ఏ ఊరిది, ఏం చదువుకుంది, వయసెంత అన్నది అడిగి ఆ మాట పట్టుకోండి. అట్లాగే పత్రికల తెలుగు కూడా తడబడకుండా చదవడం నేర్చుకోండి. ఒక డాక్టరు వేషమో, గుంటూరు బ్యాంకు మేనేజరు వేషమో వస్తే "నాకు రాదు" అని ఎందుకు వదులుకోవాలి? ఉర్దూ నాలుగు ముక్కలు మనకు ఎట్లాగూ వచ్చు, దాన్ని పాడుచేసుకోవద్దు.

మా బిడ్డ నాటకాలేస్తనంటున్నది. పంపొచ్చా సార్?

పంపండి. మొదటి నాలుగు రోజులు మీరు కూడా వచ్చి వెనక కుర్చీలో కూర్చోండి. కూర్చోవద్దన్న బృందానికి పంపొద్దు. ఆడిషన్ ఎక్కడైనా ఆఫీసులో, పగటిపూట, ఇద్దరు ముగ్గురు ఉన్నప్పుడే. హోటల్ గదికి రమ్మంటే అది ఆడిషన్ కాదు. పని చోట లైంగిక వేధింపులపై 2013లో వచ్చిన చట్టం షూటింగ్ సెట్లకూ వర్తిస్తుంది. పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతి సంస్థలో ఫిర్యాదుల కమిటీ ఉండాలి. మామూలుగా మూడు నెలల్లోపు ఫిర్యాదు చేయాలి. కమిటీ లేకపోతే జిల్లాలో లోకల్ కమిటీ ఉంటుంది. అర్ధరాత్రి భయమేస్తే మహిళల సహాయ నంబరు 181కి గానీ అత్యవసర నంబరు 112కి గానీ చేయమనండి. ఈ నంబర్లు బిడ్డకు ఇవ్వండి. భయం ఇవ్వొద్దు.

## సెట్‌లో

నాటకమోళ్లు సినిమాల 'ఓవర్' చేస్తరంటరు. నిజమేనా?

నిజమే. మొదటి సినిమాలో నేనూ చేశాను. నాది ఒక్కటే డైలాగు: "ఆ పొలం సంగతి నాకు తెల్వది." పబ్లిక్ గార్డెన్‌లో చివరి వరుసకు వినపడేటట్టు చెప్పాను. డైరెక్టర్ మానిటర్ వెనక నుంచి లేచి వచ్చి చెవిలో మెల్లగా, "అన్నా, కెమెరా ఇక్కడే ఉంది" అన్నాడు.

స్టేజీ మీద జనం మన దగ్గరికి రాలేరు కాబట్టి మనమే వాళ్ల దగ్గరికి పోతాం, గొంతుతో, చేతులతో, నడకతో. సినిమాలో కెమెరా లేచి మన దగ్గరికి వస్తుంది. మొహం ఒక్కటే తెరంతా నిండినప్పుడు కనుబొమ్మ కొంచెం లేస్తే ముప్పై అడుగుల తెర మీద అది ఎంత ఎత్తు లేచినట్టో ఊహించండి. అందుకే షాట్‌కు ముందు కెమెరా అసిస్టెంట్‌ను "ఎంతవరకు కనపడుతున్న?" అని అడగండి. తప్పు కాదు, పనితెలిసినవాళ్లు అడిగేదే అది. నడుము దాకా అంటే చేతులు కొంచెం ఆడొచ్చు. మొహం వరకే అంటే చేతుల పని కళ్లకు అప్పజెప్పండి.

అట్లాగని "తక్కువ చేయడం" అంటే ఏమీ చేయకుండా నిలబడటం అనుకోవద్దు. నాటకం నుంచి వచ్చిన పిల్లలు తిట్లు తిని తిని చివరికి రాయిలా తయారవుతారు. లోపల నడిచే ఆలోచన స్టేజీ మీద ఎంత ఉందో అంతే ఉండాలి. బయటికి వచ్చేటప్పుడు మాత్రం పొయ్యిమీది పాలలాగా పొంగకుండా మూత దగ్గర ఆగాలి. ఎదుటి మనిషి ఎంత దూరంలో ఉన్నాడో అంత గొంతుతోనే మాట్లాడండి, సగం సమస్య అక్కడే తీరుతుంది.

నాటకం ఇచ్చే లాభం కూడా చెప్పాలి. నాలుగు పేజీల డైలాగు ఉన్న సీన్లో ఒక్క టేక్‌లో చెప్పేసేది నాటకం వాడే. లైటు పోయినా, ఎదుటివాడు మర్చిపోయినా ఆగకుండా సర్దుకునేదీ వాడే. డైరెక్టర్లకు ఆ సంగతి తెలుసు, అందుకే ఊరి కథలు తీసేటప్పుడు నాటక బృందాలకే ముందు ఫోన్ వస్తుంది.

సీను ముక్కలు ముక్కలుగ తీస్తరు. ఏడుపు మల్ల మల్ల ఎట్ల తెచ్చుకోవాలె?

ముందు మొత్తం సీను తీస్తారు, తర్వాత మీ మొహం, తర్వాత ఎదుటివాళ్ల మొహం. ఏడుపంతా మొదటి టేకులోనే పోసేస్తే మీ క్లోజప్ వచ్చేసరికి కళ్లు ఎండిపోతాయి. దాచుకోండి. ఏ మాట దగ్గర గ్లాసు ఎత్తారో, ఏ చేత్తో కళ్లు తుడుచుకున్నారో గుర్తుంచుకోండి. మళ్లీ అదే మాట దగ్గర అదే చేయి లేవాలి. లేకపోతే ఎడిటింగ్‌లో మీ షాటే ఎగిరిపోతుంది. ఎదుటివాళ్ల క్లోజప్ అప్పుడు మీరు కెమెరాకు కనపడరు. అయినా పూర్తిగా నటించండి. ఆ మర్యాద యూనిట్ మొత్తం గమనిస్తుంది.

పొద్దున ఆరింటికి రమ్మని సాయంత్రం దాకా కూసోబెట్టిన్రు. ఎందుకట్ల?

వానకో, హీరో కాల్షీట్‌కో, జనరేటర్‌కో. కూర్చోవడమే పని అనుకోండి, నటించడం మధ్యలో వచ్చే విరామం. గొడుగు, పుస్తకం, రెండో జత చెప్పులు పట్టుకుపోండి.

జూనియర్ ఆర్టిస్టుగ మొదలుపెడితే తర్వాత మంచి వేషాలొస్తయా?

అరుదుగా వస్తాయి. గుంపులో నడవడం గౌరవమైన పనే, దానికి యూనియన్ ఉంది, రోజుకూలి ఉంది. కానీ గుంపులో చూసిన మొహాన్ని పాత్రకు పిలిచే అలవాటు పరిశ్రమకు తక్కువ. సెట్ ఎట్లా ఉంటుందో చూడటానికి నాలుగు రోజులు పోండి. నటనే కావాలనుకుంటే నాటకం, షార్ట్ ఫిల్మ్ మీకు దగ్గరి దారి.

డబ్బింగ్ నేనే చెప్పుకోవాల్నా?

అడిగి మరీ చెప్పుకోండి. మీ గొంతు లేని పాత్ర సగం మీది కాదు. తెర మీద మీ పెదాలను చూస్తూ చీకటి గదిలో ఒక్కరే నిలబడి చెప్పాలి. మొదటిసారి అందరూ తడబడతారు. షూటింగ్‌లో మీరు మధ్యలో పీల్చిన ఊపిరి, "హుఁ" అన్న చిన్న శబ్దం కూడా అక్కడ మళ్లీ చేయాలి.

## పైసలు, కాగితాలు

ఎంతిస్తరు? అడిగితే వేషం పోతదేమో అని భయం

అడగకపోతే డబ్బులు పోతాయి. మొదటి ఫోన్‌లోనే నాలుగు అడగండి: ఎన్ని రోజులు, రోజుకా మొత్తానికా, ప్రయాణం తిండి ఎవరిది, డబ్బులు ఎప్పుడు. డబ్బింగ్ కలిపా విడిగానా అన్నది ఐదోది. తర్వాత "మాట్లాడుకున్న ప్రకారం" అని ఆ వివరాలన్నీ వాట్సాప్‌లో వాళ్లకే మెసేజ్ పెట్టండి. అగ్రిమెంట్ ఇవ్వని చిన్న సినిమాలకు అదే మీ కాగితం. ఒక సినిమాకు ఆరు రోజులు పనిచేస్తే నాకిచ్చిన చెక్కు రెండుసార్లు వెనక్కొచ్చింది. అప్పుడు నా దగ్గర ఆ మెసేజ్ కూడా లేదు. "నేనెప్పుడన్నా అంత?" అన్నాడు మేనేజర్.

పైసల్ల పది శాతం కోసిన్రు. మోసమా?

మోసం కాదు, టీడీఎస్. వృత్తి ఫీజు మీద 10 శాతం కోసి మీ పాన్ నంబరు మీద ప్రభుత్వానికి కడతారు. పాన్ ఇవ్వకపోతే 20 శాతం పోతుంది. మీ మొత్తం ఆదాయం పన్ను పడేంత లేకపోతే రిటర్న్ వేసి తిరిగి తెచ్చుకోవచ్చు. మన పిల్లల్లో చాలామంది వేయరు, వదిలేస్తారు. కోసి కట్టకుండా జేబులో వేసుకునేవాళ్లూ ఉంటారు కాబట్టి ఆదాయపన్ను పోర్టల్‌లో మీ ఖాతా తెరిచి పడిందో లేదో చూసుకోండి.

టైటిల్స్‌ల నా పేరు ఎయ్యలే. ఊకోవాల్నా?

ఊరుకోవద్దు, అయితే సినిమా విడుదలయ్యాక కాదు, ఒప్పుకునేటప్పుడే అడగాలి. ఇది ఒక్క గుర్తింపు సంగతే కాదు. మన కాపీరైట్ చట్టంలో నటులకు ప్రదర్శకుల హక్కులున్నాయి. 2012 సవరణ ప్రకారం, సినిమాలో అలా వచ్చి ఇలా పోయే వేషం వేసి, టైటిల్స్‌లో పేరు లేనివాళ్లను చాలావరకు ఆ హక్కుల కింద ప్రదర్శకులుగా లెక్కించరు. అంటే తెర మీద మూడు సెకన్లు కనపడే ఆ పేరుకు చట్టంలో కూడా విలువ ఉంది. మీ పేరు ఎట్లా రాయాలో తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ రాసి కో-డైరెక్టర్‌కు పంపండి. నా పేరు రెండు సినిమాల్లో తప్పు పడింది.

## పేరొచ్చినంక, రాకపోయినంక

నాకు యాభై దాటినయి. ఇంక ఆలస్యమైందా?

వరంగల్ రంగస్థలం మీద జీవితమంతా గడిపిన జి.వి.బాబును జనం తెర మీద గుర్తుపట్టింది 2023లో వచ్చిన 'బలగం'తో. అప్పటికే ఆయన పెద్దవయసులో ఉన్నారు. సిరిసిల్ల వేణు తీసిన ఆ సినిమాకు అట్లాంటి మొహాలే కావాలి: ఎండకు నల్లబడి, పెళ్లికీ చావుకీ ఎట్లా కూర్చోవాలో తెలిసినవి. దుగ్గొండి మండలానికి చెందిన పస్తం మొగిలయ్య, కొమురమ్మ దంపతులు చివర్లో పాడిన పాటకు జనం ఊళ్లలో పరదాలు కట్టి సినిమా వేసుకుని ఏడ్చారు. కాబట్టి ఆలస్యం కాలేదు.

ఇంకో సగం కూడా చెప్పాలి. మొగిలయ్య 2024 డిసెంబరులో, బాబు 2025 మేలో జబ్బుతో పోయారు. ఇద్దరికీ వైద్యానికి సాయం కోసం ఎదురుచూడాల్సి వచ్చింది. యాభైలో మొదలుపెట్టేవాళ్లకు నేను చెప్పేది ఇదే: ఫొటోషూట్ కంటే ముందు ఆరోగ్య బీమా కట్టండి. బీపీ, షుగర్ మందులు సెట్‌కు పట్టుకుపోండి. రాత్రి షూటింగ్ అయితే తిండి టైము మారుతుందని డాక్టర్‌కు ముందే చెప్పండి.

మన దిక్కునుంచి ఇంతకుముందు ఎవరన్న పెద్దగ ఎదిగిన్రా?

కరీంనగర్‌లో 1909లో పుట్టిన పైడి జైరాజ్ పేరు మన పిల్లలకే తెలియదు. నిజాం కాలేజీలో చదివి, సినిమాలకు ఇంకా మాటలు రాని కాలంలో బొంబాయి పోయాడు. మూకీల్లో హీరో అయ్యాడు. 1930ల్లో టాకీలు వచ్చేసరికి అందం ఉండి మాట రాని తారలు చాలామంది వెనకబడ్డారు. జైరాజ్ నిలబడ్డాడు. హైదరాబాద్ రాజ్యంలో పెరిగినవాడికి ఉర్దూ నోట్లోనే ఉంది మరి. చారిత్రక వేషాలకు పేరుపడ్డాడు, దర్శకత్వం చేశాడు, ముసలితనంలో తండ్రి, పోలీసు అధికారి వేషాలూ కాదనకుండా వేశాడు. 1980 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు అందుకున్నాడు. 2000లో కన్నుమూశాడు. రవీంద్రభారతిలోని ప్రివ్యూ థియేటర్‌కు ఆయన పేరే పెట్టారు. ఎప్పుడైనా అక్కడ షార్ట్ ఫిల్మ్ చూడటానికి పోతే బోర్డు మీది పేరు చదివి లోపలికి పోండి.

ఒక సినిమా హిట్టైంది. ఉద్యోగం మానెయ్యొచ్చా?

ఒక్కదానికి మానొద్దు. హిట్ తర్వాత వచ్చే మొదటి ఐదు ఫోన్లు అదే వేషం కోసం, అదే తువ్వాలతో వస్తాయి. రెండేళ్లు సెలవులు వాడుకుంటూ చేయండి. ఏడాది ఖర్చులు బ్యాంకులో ఉండి, మీరు అడగకుండానే నెలకు పది రోజుల పని వస్తుంటే అప్పుడు ఇంట్లోవాళ్లతో కూర్చుని మాట్లాడండి. నేను మానలేదు. పిరికితనమో తెలివో నాకే తేల్చుకోవడం రాలేదు, వచ్చే ఏడాది రిటైర్మెంట్.

సినిమాలొచ్చినంక మల్ల నాటకం ఎయ్యాల్నా?

మీ ఇష్టం. నేను వేసేది ఎందుకంటే, సినిమాలో నవ్వు వచ్చే చోట నవ్వు వచ్చిందో లేదో నాకు ఆర్నెల్లకు గానీ తెలియదు. స్టేజీ మీద అప్పుడే తెలుస్తుంది. 2024 నవంబరులో హన్మకొండలో కాళోజీ కళాక్షేత్రం తెరిచాక మంచి స్టేజీ లేదన్న సాకు కూడా మనకు పోయింది.

మీ రిహార్సల్‌కు రావొచ్చా?

రండి. సాయంత్రం ఆరు అంటే ఆరు. చెప్పులు బయట, ఫోన్ సంచిలో. మొదటి నెల వేషం ఉండదు, తెర లాగాలి, కుర్చీలు వేయాలి, ఎవరైనా రాకపోతే వాళ్ల డైలాగు చదవాలి. చాయ్ డబ్బులు వంతులవారీగా, ఈ వారం మాత్రం నాది.